పాత కారులో ఏ పార్టు ఎన్నాళ్లు?

శ్రోతలకు నమస్కారం.

యాభై, అరవై ఏళ్ల నాటి కారును చూపించి "ఇందులో అన్నీ ఒరిజినల్ పార్టులేనండీ" అని దాని యజమాని మురిసిపోతుంటే మనం మెచ్చుకోవాలా, భయపడాలా? అది పార్టును బట్టి ఉంటుంది. ఇంజన్ బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇనుప దిమ్మ, కంపెనీ నుంచి వచ్చినదే అయితే సంతోషం. బ్రేకు గొట్టాలు కూడా అప్పటివే అంటే మాత్రం ఆ బండి ఎక్కకపోవడమే మంచిది.

ఎందుకంటే ఇనుముకు కిలోమీటర్ల లెక్క, రబ్బరుకు ఏళ్ల లెక్క.

ముందు ఇనుము సంగతి చూద్దాం. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు టీచరు 1966లో ఒక వోల్వో పి1800 కొన్నాడు. రోజూ దాని మీదే చాలా దూరం బడికి వెళ్లివచ్చేవాడు. 2013 నాటికి ఆ ఒక్క కారే 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు దాటింది. మొదటిసారి ఇంజన్ విప్పి బాగు చేయించింది 6,80,000 మైళ్ల దగ్గర. ఇందులో మాయామంత్రం ఏమీ లేదు. వేళకు ఆయిల్ మార్చడం, బండిని ఖాళీగా ఉంచకపోవడం, అంతే. అందరి ఇంజన్లూ అంత నడుస్తాయని కాదు కానీ, మంచి పోత ఇనుము బ్లాకుకు ఎంత ఓపిక ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒక ఇంజన్ ఎంత అరిగిందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. హెడ్, అంటే ఇంజన్ పైమూత, విప్పి, సిలిండర్ గోడ మీద గోరు ఆనించి కింది నుంచి పైకి లాగితే పై అంచు దగ్గర చిన్న మెట్టు తగులుతుంది. పిస్టన్ రింగు పైకి వచ్చి ఆగే చోటు అదే. దాని కింద గోడ రాపిడికి అరిగింది, పైన రింగు అందని చోట అరగలేదు. ఆ మెట్టు గోటిని గట్టిగా పట్టేసిందంటే బోరు కొట్టించే, అంటే సిలిండర్ రంధ్రాన్ని కాస్త పెద్దదిగా తొలిపించే, వేళ అయినట్టే. పాతకాలం తయారీదార్లు దీన్ని ముందే ఊహించారు. బోరు కాస్త పెద్దదైతే సరిపోయే ఓవర్‌సైజు పిస్టన్లు, పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, సానబట్టి సన్నం చేస్తే సరిపోయే బేరింగులు అప్పుడే అమ్మేవారు. అలా బాగు చేయించుకున్నా బ్లాకు మాత్రం ఆ పాతదే. గేర్‌బాక్సు, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ సంగతీ దాదాపు ఇంతే. ఆయిల్ తగ్గకుండా చూసుకుంటే యజమాని కంటే అవే ఎక్కువ కాలం ఉంటాయి.

అయితే ఇంజన్‌కు పరుగు కంటే పెద్ద శత్రువు ఒకటుంది. ఊరికే నిలబడి ఉండటం. "ఇరవై ఏళ్లుగా షెడ్డులోంచి బయటికి తియ్యలేదండీ, నలభై వేల కిలోమీటర్లే తిరిగింది" అని చెబితే చాలామంది ఎగబడి కొంటారు. నేనైతే ఒక అడుగు వెనక్కి వేస్తాను. ఇంజన్ చల్లారినప్పుడల్లా లోపల తేమ చేరుతుంది. బండి బాగా వేడెక్కేదాకా తిరిగితే అది ఆవిరైపోతుంది. తిరగకపోతే ఆయిల్లో కలిసి, ఆమ్లాలు పుట్టించి బేరింగులను తింటుంది. రింగులు తుప్పు పట్టి గోడకు అతుక్కుంటాయి. అలాంటి ఇంజన్‌ను బ్యాటరీ పెట్టి ఒక్కసారిగా తిప్పితే రింగులు పుటుక్కుమంటాయి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ఒకట్రెండు రోజులు నాననిచ్చి, ఆ తర్వాత చేత్తో తిప్పాలి.

ఇక రబ్బరు. బ్రేకు గొట్టం బయట పగుళ్లు ఇస్తే కనీసం కంటికి కనబడుతుంది. లోపల ఉబ్బితేనే చిక్కు. పెడల్ తొక్కినప్పుడు ఒత్తిడికి ద్రవం ఎలాగో చక్రం దాకా వెళ్తుంది. కాలు తీశాక వెనక్కి రాలేదు. బ్రేకు పట్టుకునే ఉంటుంది. కాసేపు నడిపి దిగితే ఒక చక్రం మాత్రం వేడిగా సెగలు కక్కుతుంటుంది. చాలామంది చక్రం విప్పి బ్రేకు షూలను అనుమానిస్తారు. తప్పు మాత్రం ఆ జానెడు గొట్టానిది. దీనికి తోడు మామూలు బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి కదలకపోయినా లోపల సిలిండర్లు తుప్పు పడుతూనే ఉంటాయి. ఆయిల్ సీళ్లు, సస్పెన్షన్ బుష్‌లు, రేడియేటర్ గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం, ఇవన్నీ ఇదే కోవలోవి. పైగా ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి పాత రబ్బరు ఇంకా త్వరగా పాడవుతుంది.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు, క్లచ్ ప్లేటు లాంటివి ఎలాగూ మార్చుకోవడానికే పుట్టాయి. వాటి విషయంలో ఒరిజినల్ అన్న పట్టింపు అనవసరం.

వాల్వ్ సీట్ల కథ వేరు. ఒకప్పుడు పెట్రోల్లో సీసం కలిపేవారు. ఆ సీసం పొరలా పేరుకుని పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ కూర్చునే చోటును, అంటే సీటును, కాపాడేది. కార్లకు సీసం పెట్రోలు అమ్మకం 2021 నాటికి ప్రపంచమంతటా ఆగిపోయింది. మెత్తటి ఇనుప సీట్లున్న పాత హెడ్డుతో హైవే మీద దూరాలు వేగంగా నడిపితే అవి అరిగి లోపలికి దిగిపోతాయి. హెడ్ ఎలాగూ దించినప్పుడే గట్టి సీట్లు వేయించుకుంటే టెన్షన్ ఉండదు. నెమ్మదిగా, అప్పుడప్పుడూ నడిపేవాళ్లు దీని గురించి కంగారు పడాల్సిన పని లేదు.

పాత కారు కొనబోతుంటే మీటరు ఎంత చూపిస్తోందో తర్వాత చూడండి. చాలా పాత మీటర్లు 99,999 దాటితే మళ్లీ సున్నాకు వస్తాయి. ఎన్నాళ్లు ఆగిపోయి ఉందో అడగండి. తర్వాత వంగి టైరు పక్కగోడ చూడండి. తయారీ కోడు చివర నాలుగంకెలుంటే మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2312 అంటే 2012లో 23వ వారం. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది. టైరు మీది గాడులు ఎంత లోతుగా కనబడినా సరే, ఆ టైర్ల మీద ఇంటిదాకా నడుపుకుంటూ రావద్దు. వేరే బండి మీద ఎక్కించి తెచ్చుకోండి.