డెక్క పైనుంచే బాగుపడాలి

శ్రోతలకు నమస్కారం. గుర్రాల డెక్కలు పెళుసుబారి, అంచులు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంటే ఏం చేయాలన్నది ఈ పూట మాట్లాడుకుందాం. కొన్ని కొలతలు కూడా చెబుతాం కాబట్టి కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందుగా డెక్కను ఒకసారి దగ్గరగా చూడాలి. కాలి మీద వెంట్రుకలు ఆగిపోయి డెక్క మొదలయ్యే చోట చుట్టూ ఒక సన్నటి పట్టీ ఉంటుంది. దాన్ని కొరోనెట్ అంటారు. డెక్క గోడ పుట్టేది అక్కడే. అక్కడ తయారైన కొమ్ము పదార్థం నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. ముందు వైపు గోడ పొడవు సుమారు 8 సెంటీమీటర్లు అనుకుంటే, కొరోనెట్ దగ్గర ఈరోజు పుట్టింది నేలకు తాకడానికి 9 నెలల నుంచి ఏడాది పడుతుంది. మడమ వైపు గోడ పొట్టిది కాబట్టి అక్కడ నాలుగైదు నెలలు చాలు. అంటే ఇవాళ కింద చిట్లుతున్న అంచు దాదాపు ఏడాది కిందట పుట్టింది. అప్పుడు గుర్రానికి మేత తగ్గిందో, జ్వరం వచ్చిందో, ఆ గుర్తే ఇప్పుడు నేల దగ్గరికి చేరింది. గోళ్లలాగే డెక్క గోడలో కూడా జీవం ఉండదు. చిట్లిన ముక్క మళ్లీ అతుక్కోదు. దాన్ని ఇంకా పాడవకుండా కాపాడుకుంటూ, పైనుంచి మంచి డెక్క దిగేదాకా చూసుకోవాలి. డెక్కల బాగుకు చేసే ప్రతి పనీ ఈ రెంటిలో ఒకదాని కోసమే.

పైనుంచి మంచిది పుట్టాలంటే మేత సరిగ్గా ఉండాలి. డెక్క కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. అందులో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, అంటే మెథియోనిన్, సిస్టీన్, ఎక్కువ. వాటితోపాటు జింకు, రాగి, బయోటిన్ అనే విటమిన్ కావాలి. 500 కిలోల గుర్రానికి, పెద్దగా పని లేని రోజుల్లో, రోజుకు మొత్తం మేతలో కలిపి జింకు 400 మిల్లీగ్రాములు, రాగి 100 మిల్లీగ్రాములు అందాలి. ఉత్త ఎండుగడ్డి మీద ఉన్న గుర్రాలకు సాధారణంగా కొరత పడేది ఈ రెండే. ఇనుము మాత్రం గడ్డిలోనే కావలసినంత ఉంటుంది, విడిగా పోయనక్కరలేదు. రక్తం పట్టాలని ఇనుము టానిక్కులు పోయడం చాలాచోట్ల అలవాటు. డెక్క విషయంలో దానివల్ల మేలేమీ లేదు.

మేత మొత్తం తూకం కూడా చూసుకోవాలి. గుర్రం బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, అంటే 500 కిలోల గుర్రానికి ఏడున్నర నుంచి పది కిలోల ఎండు పదార్థం (తేమ తీసేసి లెక్కించిన మేత), అందులో ఎక్కువ భాగం మంచి గడ్డి రూపంలో అందాలి. బక్కచిక్కిన గుర్రానికి ఎన్ని మందులు పోసినా డెక్క గట్టిపడదు. శరీరం ముందు ప్రాణం నిలుపుకునే పనులే చూసుకుంటుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. గోధుమ తవుడు రోజూ ఎక్కువగా పెడతారు. కిలో తవుడులో భాస్వరం 10 గ్రాములకు పైనే ఉంటుంది, కాల్షియం రెండు గ్రాములు కూడా ఉండదు. 500 కిలోల గుర్రానికి రోజుకు కావలసింది కాల్షియం 20 గ్రాములు, భాస్వరం 14 గ్రాములు. భాస్వరం మితిమీరితే తిన్న కాల్షియం కూడా ఒంటికి పట్టదు. తవుడు తగ్గించి లూసర్న్ గడ్డి కొంత కలిపితే కాల్షియం సర్దుకుంటుంది, మాంసకృత్తులూ అందుతాయి. లామినైటిస్, అంటే డెక్క గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచే జబ్బు, వచ్చిన గుర్రానికి, ఒళ్లు బాగా పెరిగి మెడ మీద కొవ్వు గట్టిపడ్డ గుర్రానికి మాత్రం మేతలో ఏ మార్పు చేసినా పశువైద్యుణ్ణి అడిగాకే చేయాలి.

ఇక బయోటిన్. రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు ఇవ్వాలి. లిపిజానర్ గుర్రాలకు రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఒక పరిశోధన ఫలితాలు 1995లో వచ్చాయి. మంచి మార్పు కనబడడానికి సుమారు 9 నెలలు పట్టింది. పుట్టే డెక్క నాణ్యత మెరుగైంది కానీ డెక్క వేగంగా పెరగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చాలామంది రెండు డబ్బాలు వాడి, తేడా కనబడలేదని మానేస్తారు. రెండు నెలల్లో కొరోనెట్ నుంచి దిగేది ఒకటిన్నర సెంటీమీటరే! కనీసం ఏడాది పాటు ఇవ్వాలి. డబ్బా కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ కన్నా వెనక అచ్చువేసిన పట్టిక చూడండి. ఒక రోజు మోతాదులో బయోటిన్ ఎన్ని మిల్లీగ్రాములో, జింకు, రాగి ఉన్నాయో లేదో అక్కడ తెలుస్తుంది. బయోటిన్ అయిదు మిల్లీగ్రాములే ఉంటే అది సరిపోదు.

సెలీనియం అనే ఖనిజం దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. రోజుకు కావలసింది ఒక మిల్లీగ్రాము మాత్రమే. రెండు మూడు రకాల పొడులు కలిపి వాడితే ప్రతి దానిలోనూ ఇది కొంత ఉండి మొత్తం ఎక్కువైపోతుంది. ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలతాయి, డెక్కకు కొరోనెట్ దగ్గర అడ్డంగా పగుళ్లు వస్తాయి. బాగుచేద్దామని పెట్టిందే డెక్కను పాడుచేస్తుంది. అందుకే ఒకే పొడి వాడండి.

ఇప్పుడు కింద ఉన్న డెక్కను కాపాడడం. పెళుసు డెక్కను ఎక్కువగా చీల్చేది పొడవు పెరిగిన అంచు. డెక్క ముందుకూ పక్కలకూ సాగిపోయాక, ప్రతి అడుగుకూ ఆ అంచు మీటకర్రలా గోడను లోపలి నుంచి ఊడదీస్తుంది. అందుకని ఎనిమిది, పది వారాలు ఆగకుండా, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చెక్కించాలి. లాడం లేని గుర్రానికి నేలను తాకే బయటి అంచును ఆకురాయితో గుండ్రంగా తీర్చాలి. పదును అంచు రాయికి తగిలి పెచ్చు లేస్తుంది, గుండ్రటి అంచు జారిపోతుంది. అందం కోసమని గోడ బయటి వైపు మొత్తాన్ని పైనుంచి కిందిదాకా ఆకురాయితో గీకనివ్వకండి. లోపలి తేమను నిలిపి ఉంచేది ఆ పైపొరే.

లాడం వేసే గుర్రం అయితే పాత మేకు రంధ్రాలను చూడండి. చుట్టూ గోడ పొడి పొడిగా రాలి, రంధ్రం పెద్దదై, పక్క రంధ్రంతో కలిసిపోయి ఉంటే అక్కడ మళ్లీ మేకు కొట్టకూడదు. సన్నటి మేకులు, వీలైనన్ని తక్కువ వాడమనండి. అవి డెక్క వెడల్పుగా ఉండే చోటుకు ముందు భాగంలోనే పడాలి, ఎందుకంటే అడుగు వేసినప్పుడల్లా మడమ వైపు విచ్చుకుంటుంది, అక్కడ మేకు బిగిస్తే గోడ చీలుతుంది. లాడం తీసేటప్పుడు బయట వంచిన మేకు కొనలను ముందు తెంపాలి. తెంపకుండా లాగితే గోడ ముక్కలు కూడా ఊడివస్తాయి. మేకు నిలవడానికి చోటే లేకపోతే జిగురుతో అతికించే లాడం ఉంది. నేల అనుకూలమైతే కొన్నాళ్లు లాడం లేకుండా ఉంచినా మంచిదే.

తేమ సంగతి. డెక్క ఎండిపోయింది, నూనె రాయాలి అని చాలామంది అనుకుంటారు. గోడలో నూనె ఇంకదు, మెరుపు మాత్రం వస్తుంది. డెక్కను నిజంగా బలహీనపరిచేది తడవడం, ఆరడం, మళ్లీ తడవడం. రోజూ కాళ్లు కడిగి ఎండలో నిలబెడితే కొమ్ము ఉబ్బి, ముడుచుకుని, పొరలు విడిపోతాయి. కాళ్లకు బురద అంటితే ఆరనిచ్చి బ్రష్షుతో దులపండి. ఫార్మలిన్ పోసి గట్టిపరచడం కూడా మంచిది కాదు. పైన గట్టిపడి ఇంకా పెళుసవుతుంది, మెత్తటి చర్మానికి తగిలితే కాలుతుంది. మూత్రంతో తడిసిన పరుపు గడ్డి ఇంకా చేటు, అందులోంచి వచ్చే అమ్మోనియా కొమ్మును కరిగిస్తుంది. తడిసిన గడ్డిని రోజూ తీసేయాలి.

రోజూ డెక్క ఎత్తి, కొక్కెంతో మడమ నుంచి ముందుకు మట్టి తీయండి. మధ్యలో త్రికోణంలా ఉండే మెత్తటి భాగం ఫ్రాగ్. దాని పక్క గాడుల్లో నల్లగా, దుర్వాసనతో జిగురు కనిపిస్తే అది థ్రష్. శుభ్రం చేసి, ఆరబెట్టి, పశువైద్యుడు చెప్పిన మందు రాయాలి. ఆ తరవాత గోడకూ అరికాలికీ మధ్య ఉండే పసుపుపచ్చటి గీతను చూడండి. తెల్ల గీత అంటారు. అది బిగుతుగా ఉండాలి. బూడిదరంగు పొడి రాలుతూ, కొక్కెం లోపలికి దిగిపోతుంటే, గోడను తట్టినప్పుడు బోలుగా మోగితే, లోపల సూక్ష్మజీవులు చేరి గోడను వేరుచేస్తున్నాయి. దీనికి ఏ మందూ బయటనుంచి పోస్తే అందదు. విడిపోయిన గోడను చెక్కి తీసి గాలి తగలనివ్వాలి. పని తెలిసిన లాడం వేసేవారు, పశువైద్యుడు కలిసి చేయవలసిన పని ఇది.

డెక్క మీద అడ్డంగా వచ్చే గీతలు కూడా చాలా చెబుతాయి. చుట్టూ సమానంగా ఉన్న గీత మేతో ఋతువో మారిందని చెబుతుంది. ముందు వైపు దగ్గరగా, మడమ వైపు దూరంగా విచ్చుకుంటే లామినైటిస్‌ను అనుమానించాలి. డెక్క వేడిగా ఉండి, కాలి వెనక నాడి గట్టిగా కొట్టుకుంటూ, గుర్రం బరువు మోపకపోతే వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

ఇక కొత్త డెక్కను కనిపెట్టే పద్ధతి. మేత మార్చిన రోజున కొరోనెట్‌కు ఒక సెంటీమీటరు కింద, గోడ మీద ఆకురాయి అంచుతో చిన్న గీత గీయండి, లోతు వద్దు. ప్రతి నెలా అదే తేదీన కొరోనెట్ నుంచి ఆ గీత దాకా కొలిచి పుస్తకంలో రాసుకోండి. కొన్ని నెలలకు ఆ గీతకు పైన కొత్త డెక్క నున్నగా, కింద పాతది గరుకుగా తేడా తెలుస్తుంది. మేకులు బిగిసే ఎత్తు నేల నుంచి రెండు, మూడు సెంటీమీటర్లు. కొత్త డెక్క అక్కడికి రావడానికి 6 నుంచి 8 నెలలు పడుతుంది. అందాకా మేకులు పడేది పాత డెక్కలోనే కాబట్టి, చెక్కించే తేదీ దాటనివ్వకండి.