చందా లెక్కల్లో కృప

ప్రభువునందు ప్రియమైన సంఘానికి వందనాలు.

కృప గురించి వాక్యం అనగానే ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం తెరవడం మనకు అలవాటు. ఈరోజు రెండవ కొరింథీ పత్రిక 8, 9 అధ్యాయాలు తీయండి. రెండూ డబ్బు వసూలు గురించినవే. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పౌలు అన్యజనుల, అంటే యూదులు కానివారి, సంఘాల్లో చందా పోగుచేస్తున్నాడు. అయినా 8వ అధ్యాయం మొదలయ్యేది దేవుడు మాసిదోనియ సంఘాలకిచ్చిన కృపతో. వాళ్లది కటిక పేదరికం, పైగా శ్రమలు. అలాంటివాళ్లు శక్తికి మించి ఇచ్చారు, మాకూ ఇందులో పాలు కావాలని బతిమాలారు. అయితే మొదట తమను తాము ప్రభువుకు అప్పగించుకున్నారని 5వ వచనం చెబుతోంది. కానుక ఆ తర్వాతిది. ఈ వరుస తిరగబడితే చందా పన్నులా మారిపోతుంది.

కొరింథువారి ఇబ్బంది వేరు. మనసుంది, ఏడాది క్రితమే మొదలుపెట్టారు, పని మాత్రం ముగించలేదు. పద్ధతి తెలియక కాదు. మొదటి పత్రిక 16వ అధ్యాయంలోనే పౌలు స్పష్టంగా చెప్పాడు: ప్రతి ఆదివారం, ప్రతివాడు, వర్ధిల్లిన కొలది, తనయొద్ద కొంత తీసి నిలువ చేయాలి. తాను వచ్చాక వసూలు జరగకూడదన్నాడు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అపొస్తలుడు ఎదురుగా నిలబడితే మొహమాటం ఇస్తుంది, విశ్వాసం కాదు. మన పల్లె సంఘాల్లో అమ్మలు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారే, పౌలు పద్ధతికి అది చాలా దగ్గర. మైకులో పేర్లూ మొత్తాలూ చదివి వేడి పుట్టించే వసూలు చాలా దూరం.

ఎంత ఇవ్వాలి? ఈ రెండు అధ్యాయాల్లో శాతం లేదు. కలిగినదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదని 8:12. ఇతరులకు తేలిక, మీకు భారం కావాలని తన ఉద్దేశం కాదని ఆ వెంటనే అంటాడు. కాబట్టి అప్పు చేసైనా కానుక వేయమనే బోధకు ఇక్కడ చోటు లేదు. మాసిదోనియవాళ్లు శక్తికి మించి ఇవ్వలేదా అని అడిగేవారు 8:3లోనే ఉన్న ‘తమంతట తామే’ ఇచ్చారన్న మాటను దాటేస్తారు. ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు’ అని 9:7 కూడా ఆ తలుపు మూసేస్తుంది.

ఇక మనం ఎక్కువగా చదవకుండా వదిలేసే భాగం, 8:16 నుంచి 24 వరకు. డబ్బు ఎవరి చేతిలో ఉండాలి? పౌలు తన జతపనివాడైన తీతును పంపాడు, ఒక్కడినే కాదు. తోడుగా ఇద్దరు సహోదరులు. వారిలో ఒకరిని సంఘాలే ఏర్పరచుకున్నాయి, పౌలు సొంతంగా నియమించుకోలేదు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని కారణం చెప్పాడు. అపొస్తలుడే ఇంత జాగ్రత్తపడితే, ‘దైవసేవకుణ్ణి లెక్క అడుగుతారా’ అన్న ప్రశ్నకు విలువెక్కడ? కానుకల సంచి ఆరాధన అయిన వెంటనే కనీసం ఇద్దరు కలిసి విప్పాలి, వాళ్లు ఒకే ఇంటివాళ్లు కాకూడదు. మొత్తం అక్కడే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. కోశాధికారి ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా లెక్కపెడితే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా అనుమానానికి మనమే దారి తెరిచినట్టు. రేపు మాట పడేది ఆయనే.

కొరింథు ఉన్న అకయ చివరికి పని ముగించింది. మాసిదోనియవారూ అకయవారూ సంతోషంతో చందా ఇచ్చారని పౌలు రోమా 15:26లో రాశాడు. ఆ సంఘాలు యెరూషలేముకు ఋణపడి ఉన్నాయని కూడా అన్నాడు, ఎందుకంటే ఆత్మసంబంధమైనవి అక్కడినుంచే వచ్చాయి. ఇచ్చేవాడు పెద్దవాడు, పుచ్చుకునేవాడు చిన్నవాడు అనే లెక్క అక్కడ కొట్టివేయబడింది. అయితే 31వ వచనంలో పౌలు ఒక ప్రార్థన అడుగుతాడు: యెరూషలేములో తాను చేయబోయే ఈ పరిచర్య పరిశుద్ధులకు ప్రీతికరం కావాలని. డబ్బు సిద్ధంగా ఉంది, లెక్క సరిగ్గా ఉంది. అన్యజనుల చేతి సొమ్మును యూదు విశ్వాసులు అందుకుంటారో లేదోనన్న దిగులు ఇంకా ఉంది. దానికి పౌలు దగ్గర పద్ధతి లేదు, ప్రార్థించమని రోమా సంఘాన్ని వేడుకున్నాడు.