చూసి చెప్పే కన్నుకి ఒక లెక్క ఉండాలి

(ఒంగోలులో డాక్టర్లు, ఎండోస్కోపీ టెక్నీషియన్లు, ల్యాబ్ వాళ్లు కలిసిన ఒక సాయంత్రం మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకి, నాకన్నా ముందు మాట్లాడిన సర్జన్ గారికి, పొద్దున్నించీ కుర్చీలూ మైకూ సర్దిన పిల్లలకి, కనిగిరి, పొదిలి, మార్కాపురం నించి డ్యూటీ దిగి బస్సెక్కి వచ్చినవాళ్లకి, అందరికీ. వెనక నిలబడ్డ టెక్నీషియన్ పిల్లలు ముందుకి రండమ్మా, ఈ వరసలో కుర్చీలు ఖాళీగా ఉండాయి, నేను ఈరోజు మాట్లాడేది సగం మీతోనే.

రిటైరైన పెథాలజిస్టు గదా, మీ అనుభవాలు చెప్పండి మేడం అని పిలిచారు. అనుభవాలు ఇంకోసారి చెప్తాను, ఏమనుకోవద్దు. ఇంతమంది కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేసేవాళ్లు ఒక్కచోట నాకు మళ్లీ ఎప్పుడు దొరుకుతారో తెలీదు, అందుకని నా మనసులో నలుగుతున్న ఒక్క సంగతి మాట్లాడి దిగిపోతాను. పెద్దపేగులో పాలిప్, అంటే పొర మీద లేచిన బుడిపె, కనపడుద్ది, చిన్నది, 5 మిల్లీమీటర్లు లేకపోతే అంతకన్నా తక్కువ. దాన్ని స్క్రీన్ మీద చూసి, ముక్క ల్యాబ్‌కి పంపకుండానే, ఇది హైపర్‌ప్లాస్టిక్, ఏం కాదు, వదిలేద్దాం అంటారు. లేకపోతే ఇది చిన్న అడినోమా, అంటే ముందుముందు కాన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం, తీసేశాం, పంపేదెందుకు, పారేద్దాం అంటారు. నేనడిగేది ఒక్కటే. అట్టా చెప్పే హక్కు ఎవరికి వచ్చింది, ఎట్టా వచ్చింది, ఎవరు పరీక్ష పెట్టారు?

నేను ఈ పద్ధతికి వ్యతిరేకం కాదు, అది ముందే చెప్తుండా, ఎందుకంటే ల్యాబ్ ఆమె కాబట్టి ల్యాబ్ వ్యాపారం కోసం మాట్లాడుతుంది అనుకునేవాళ్లు ఉంటారు. ఐదు పాలిప్స్ తీస్తే ఐదు సీసాలు, ఐదు బిల్లులు, కూలి చేసుకునే మనిషి జేబులోంచి. కొలనోస్కోపీలో కనపడే పాలిప్స్‌లో ఎక్కువ భాగం ఈ చిన్నవే, ఈ సైజులో కాన్సర్ ఉండటం చాలా అరుదు. కాబట్టి కంటితో గుర్తుపట్టగలిగితే పేషెంటుకి మంచిదే. గుర్తుపట్టగలిగితే!

గుర్తుపట్టటం గాల్లో లెక్క కాదు. స్కోప్ మీద ఎన్‌బీఐ, అంటే నారో బ్యాండ్ ఇమేజింగ్, బటన్ నొక్కితే 415, 540 నానోమీటర్ల దగ్గరుండే నీలం, ఆకుపచ్చ కాంతి మాత్రమే పడుద్ది, రక్తంలో హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుంటుంది, రక్తనాళాలు గోధుమ రంగులో తేలతాయి. దాన్ని బట్టే పాలిప్ ఏ రకమో చెప్పే నైస్ వర్గీకరణ పెట్టారు. చుట్టూ ఉన్న పొర రంగులోనో ఇంకా లేతగానో ఉండి, నాళాలు కనపడకుండా, ఒకే సైజు చుక్కలుంటే టైప్ 1, హైపర్‌ప్లాస్టిక్. ముదురు గోధుమ రంగులో ఉండి, తెల్లటి గీతలూ గుడ్డు ఆకారాలూ, వాటి చుట్టూ గోధుమ నాళాలుంటే టైప్ 2, అడినోమా. బాగా నల్లబడి, నాళాలు తెగిపోయి, అసలు నమూనా అనేదే లేకపోతే టైప్ 3, దాన్ని అక్కడ ముట్టుకోవద్దు, పెద్ద చోటికి పంపండి. ఇంతవరకూ ఇక్కడున్న డాక్టర్లందరికీ తెలుసు, నేను టెక్నీషియన్ పిల్లల కోసం చెప్పాను.

చార్ట్ గోడకి అంటించుకోవటం వేరు, కన్ను కుదరటం వేరు గదా. అందుకే అమెరికా ఎండోస్కోపీ సంఘం వాళ్లు 2011లోనే గీత గీశారు. పెద్దపేగు చివరి భాగాలు రెక్టమ్, సిగ్మాయిడ్‌లో ఉన్న చిన్నదాన్ని అడినోమా కాదు అని వదిలెయ్యాలంటే, నువ్వు కాదన్న ప్రతి వందలో 90కి తగ్గకుండా నిజంగానే కాకుండా ఉండాలి. తీసి పారెయ్యాలంటే, మళ్లీ ఎన్నేళ్లకి రావాలో నువ్వు చెప్పిన గడువు ల్యాబ్ రిపోర్టు చూసి చెప్పే గడువుతో నూటికి 90 సార్లు కలవాలి. ఆ గడువు చిన్న సంగతేం కాదు, 2020లో వచ్చిన అమెరికా సూచనల ప్రకారం 10 మిల్లీమీటర్ల లోపు అడినోమాలు ఒకటో రెండో అయితే 7 నించి 10 ఏళ్లకి రమ్మంటారు, మూడో నాలుగో అయితే 3 నించి 5 ఏళ్లకే రావాలి, లెక్క తప్పితే ఒక మనిషి ఐదారేళ్లు ఆలస్యంగా వస్తాడు.

అయితే ఆ మొదటి లెక్కలో ఒక చిక్కుంది. అడినోమాలు తక్కువ దొరికే చోట కళ్లు మూసుకుని అన్నీ 'కాదు' అన్నా వందకి 90 వచ్చేస్తాయి. అందుకని యూరప్ వాళ్లు, ఈఎస్‌జీఈ, 2022లో కొలత మార్చి 'సోడా' అని పేరు పెట్టారు. లోపల వదిలేసే వాటికి, నిజమైన అడినోమాలు వంద ఉంటే 90 పట్టుకోవాలి, అడినోమా కానివి వందలో 80 కాదని చెప్పాలి. తీసి పారేసే వాటికి రెండూ 80 ఉంటే చాలు. తేడా ఎందుకో ఆలోచించండి, తీసేసినప్పుడు పాలిప్ ఎట్టాగూ బయటికొచ్చేసింది, తప్పు పడితే గడువు తప్పుద్ది అంతే, వదిలేసినప్పుడు తప్పు పడితే అడినోమా లోపలే ఉంటుంది. ఇంకో షరతు కూడా ఉంది, ఇదంతా గట్టి నమ్మకంతో చెప్పగలిగిన వాటికే. అనుమానం ఉన్నదేదైనా సీసాలోకి రావాల్సిందే. నాకు తెలియటం లా, పంపుతుండా అనటం కూడా ఈ విద్యలో భాగమే. ఈ లెక్క మిషన్‌కి కాదు, ఆస్పత్రి బోర్డుకి కాదు, స్కోప్ పట్టుకున్న మనిషి మనిషికీ విడివిడిగా.

ఇక్కడ నేను ఒకాయన సంగతి చెప్పాలి. టైము చూస్తున్నారు, తెలుసు, కొంచెం ఓర్చుకోండి.

కొన్నేళ్ల కిందట పొదిలి వైపు నించి ఒక పొగాకు రైతు మా ల్యాబ్‌కి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, ఆకు ఆరబెట్టే బ్యారన్లు రెండున్నాయి, చిన్నప్పటి నించీ చుట్ట కాల్చే అలవాటు. చేతిలో విత్తనాల కంపెనీ క్యారీబ్యాగు, అందులో రెండు రిపోర్టులు. మొదటిది ఒక ఊళ్లో ఒకచోట చేసింది, ఏ ఊరు ఎవరు అనేది ఇక్కడ అవసరం లేదు. మోషన్‌లో రక్తం పడతా ఉంటే చేశారు. దాంట్లో ఏం రాసుంది? అసెండింగ్ కోలన్‌లో, అంటే కుడివైపు పేగులో, చిన్న పాలిప్, చూడటానికి హైపర్‌ప్లాస్టిక్, వదిలేశాం, మొలలున్నాయి, మందు వాడండి. ఫొటోలు మూడున్నాయి, మూడూ మొలలవే! పాలిప్ ఫొటో లేదు. సైజు రాయలా. పేగు ఎంత శుభ్రంగా ఉందో రాయలా. ఎన్‌బీఐ వేసి చూశారో లేదో అదీ లేదు.

వినండి, ఇది చాలా ముఖ్యం. చూసి వదిలెయ్యటం అనేది రెక్టమ్, సిగ్మాయిడ్‌కి మాత్రమే ఇచ్చిన వెసులుబాటు. కుడివైపు పేగులో హైపర్‌ప్లాస్టిక్ లాగా కనపడిందంటే ముందు సెరేటెడ్ లీజనేమో, అంటే కాన్సర్‌గా మారగలిగే ఇంకో రకమేమో అని అనుమానపడాలి. అంచులు సరిగా తెలియకుండా, మబ్బు పట్టినట్టు, ఆకారం సరిగా లేకుండా, గుంటల లోపల నల్ల చుక్కలుంటాయి, చాలాసార్లు పైన జిగురు కప్పేసి ఉంటుంది, నీళ్లు కొట్టి కడిగితే గానీ బయటపడదు. పొగ తాగేవాళ్లలో ఇవి ఎక్కువ. ఆయన చుట్ట సంగతి ఎవరన్నా అడిగారా?

కొడుకు పట్టుబట్టి ఇంకోచోట రెండోసారి చేయించాడు. అక్కడి డాక్టర్ కడిగి చూస్తే అసెండింగ్ కోలన్‌లోనే పొరకి అంటుకుపోయినట్టు చదునుగా 12 మిల్లీమీటర్లది దొరికింది, మొత్తం తీసి, ముక్క చెడకుండా ఉంచే సరైన ఫార్మలిన్‌లో, పేరు, చోటు, సైజు రాసి నాకు పంపారు. స్లైడ్ పెట్టి చూశాను. గ్రంథులు పైకి కొంచెం రంపం పళ్ల మాదిరి, అడుక్కి పోయేకొద్దీ వెడల్పయిపోయి, పొర అడుగున పక్కకి తిరిగి పడుకున్నాయి. సెసైల్ సెరేటెడ్ లీజన్. ఒక మూల కణాల కేంద్రకాలు పొడుగ్గా, నల్లగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండాయి, డిస్‌ప్లేసియా, అంటే కాన్సర్ వైపు పోయే మార్పు, మొదలైంది. కాన్సర్ కాలా. అంతవరకూ సంతోషం.

రిపోర్టు తీసుకోటానికి ఆయనే వచ్చి, రెండు కాయితాలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టి అడిగాడు, "అమ్మా, అప్పుడు వదిలేసింది ఇదేనా? ఇంకోటా? ఇంకోటైతే అది ఇంకా లోపల్నే ఉన్నట్టా?"

ఏం చెప్పమంటారు? మీరు చెప్పండి, నా చోట మీరుంటే ఏం చెప్తారు? ఫొటో ఉంటే చూసి చెప్పొచ్చు, సైజన్నా ఉంటే ఊహించొచ్చు. ఏమీ లేదు. ఆయనే అన్నాడు, "వేలం కేంద్రంలో బేలు బేలుకీ చీటీ ఉంటదమ్మా, ఏ గ్రేడు, ఎంత బరువు, అన్నీ రాసి పెడతారు, తేడా వస్తే ఆ చీటీ పట్టుకుని అడుగుతాం, నా కడుపులో దానికి చీటీ లేకపాయె." పొగాకు ఆకుని కంటితో చూసి గ్రేడు చెప్పేవాడి మాటకి కూడా కాయితం ఉంది ఈ జిల్లాలో. మనిషి పేగుకి లేదు. తప్పు చూశారా, సరిగానే చూశారా అనేది కూడా తేల్చుకోలేని స్థితిలో ఆ మనిషిని నిలబెట్టారు, నా కోపం అందుకు. చూసినాయన చూపు సరైందే అయ్యుండొచ్చు కూడా, ఎవరికి తెలుసు?

మా వైపు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ల్యాబ్ రిపోర్టు దేవుడి వాక్కు కాదు. రెండు మిల్లీమీటర్ల ముక్క మైనంలో అడ్డం తిరిగి కూర్చుంటే మామూలు పొర మాత్రమే కనపడుద్ది, ఇంకా లోతుకి కోస్తే అడినోమా బయటపడుద్ది. కాబట్టి మీకు అనుమానం వస్తే ఫోన్ చేసి ఇంకా కోయమని అడగండి, ఏ పెథాలజిస్టూ తిట్టడు. కానీ ముక్క మాకు ఎట్టా వస్తుందో చూడండి! సెలైన్‌లో వేసి పంపుతారు, కనిగిరి నించి ఎండలో బస్సులో వచ్చేసరికి కుళ్లిపోయి ఉంటుంది. ఇంజక్షన్ సీసా మూతి సన్నంగా ఉంటుంది, ముక్క నలిగిపోద్ది. మూడు చోట్ల తీసిన మూడు పాలిప్స్ ఒకే డబ్బాలో వేసి పైన 'పాలిప్' అని రాస్తారు. పది శాతం బఫర్డ్ ఫార్మలిన్, ముక్కకి కనీసం పదింతలు, వెడల్పు మూతి డబ్బా, చోటుకో డబ్బా. ఎన్నేళ్లు చెప్పాను ఈ మాట, ఎన్నేళ్లు... సరే, వదిలేద్దాం, ఇది ఇంకో ప్రసంగం.

లండన్‌లో పెద్ద స్పెషలిస్టు ఆస్పత్రిలో 2009లో చేసిన డిస్కార్డ్ అధ్యయనంలో కంటితో చెప్పటం బ్రహ్మాండంగా కుదిరింది. అదే పని ఈశాన్య ఇంగ్లండ్‌లో ఆరు జనరల్ ఆస్పత్రుల్లో చేసి చూస్తే, 2017లో వచ్చింది, అడినోమాలు పట్టుకున్నది వందకి 76 దగ్గర ఆగింది. అక్కడా ఎన్‌బీఐ ఉంది, వాళ్లకీ ట్రైనింగ్ ఇచ్చారు. కాబట్టి ఏదో కాన్ఫరెన్సులో పెద్దాయన స్లైడ్ చూపించి 93 శాతం అన్నాడని మన ఊళ్లో మనం మొదలుపెట్టకూడదు. ఆయన అంకె ఆయనది. మీది ఎంత? ఇక్కడ కూర్చున్నవాళ్లలో తన అంకె తెలిసినవాళ్లు చెయ్యెత్తండి.

చూశారా. ఎవర్నీ తప్పుపట్టటం లా. మనల్ని ఎవరూ అడగలా ఇన్నాళ్లు. ఏఐ బాక్స్ పెట్టుకున్నాం మేడం, అదే చెప్పేస్తుంది అని ఒకబ్బాయి అన్నాడు నాతో, నాయనా, అది చెప్పిందానికి సంతకం పెట్టేది నువ్వు, జిగురు కడగాల్సిందీ నువ్వే.

అందుకని నేనడిగే పని చాలా చిన్నది. వచ్చే నెల ఒకటో తారీకు నించి, తీసిన ప్రతి చిన్న పాలిప్ పంపండి, పంపేముందు ఫారంలో నాలుగు గళ్లు నింపండి, చోటు, సైజు, మీ కన్ను ఏమంటుంది, గట్టి నమ్మకమా కాదా. రిపోర్టు రాకముందే రాయాలి, వచ్చాక రాస్తే దేనికీ పనికిరాదు. సిస్టర్లూ, టెక్నీషియన్ పిల్లలూ, డాక్టర్ గారు మర్చిపోతే ఫొటో కోసం బొమ్మ ఆపే ఫ్రీజ్ బటన్ నొక్కించేది మీరే, ఒకటి మామూలు కాంతిలో, ఒకటి ఎన్‌బీఐలో, రెండు ఫొటోలు లేకుండా స్కోప్ బయటికి రానివ్వొద్దు, సార్ కోప్పడితే నా పేరు చెప్పండి. ల్యాబ్ వాళ్లు నెలాఖరుకి మీ జవాబు, వాళ్ల జవాబు పక్కపక్కన పెట్టి ఎవరిది వాళ్లకే కవర్లో పంపుతారు, ఇంకొకరికి చూపించరు, ఆ మాట నేను తీసుకున్నాను. 90, 80 దాటినవాళ్లు రెక్టమ్, సిగ్మాయిడ్ వరకు నిశ్చింతగా వదిలెయ్యండి, నేనే మెచ్చుకుంటాను. దాటేవరకూ పంపుతా ఉండండి, చిన్నవాటికి రేటు తగ్గించమని ల్యాబ్ వాళ్లని ఈ వేదిక మీదనే అడుగుతుండా, ఒప్పుకుంటారా? తల ఊపారు, అందరూ చూశారు గదా.

ఆఁ, అక్కడ అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా. సైజు ఎట్టా కొలవాలి అంటుంది. మంచి ప్రశ్న. ఊరికే చూసి రాయొద్దు, దగ్గరికి పోతే అంతా పెద్దగానే కనపడుద్ది. స్నేర్, అంటే పాలిప్ కోసే తీగ ఉచ్చు, ప్యాకెట్ మీద దాని సైజు అచ్చేసి ఉంటుంది, తెరిచి పాలిప్ పక్కన ఆనించి, అప్పుడు ఫొటో తియ్యండి. ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద ఉండాయి, భోజనానికి పోయేముందు తలా ఒక కట్ట తీసుకోండి.