జిల్లా అడిగే ప్రశ్నకు డిపార్ట్‌మెంట్ ఉండదు

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, ఈ ఏడాది పీహెచ్‌డీలో చేరిన పరిశోధక విద్యార్థులందరికీ నమస్కారం.

ఎకనామిక్స్, ఇంజనీరింగ్, ఎడ్యుకేషన్ విభాగాల స్కాలర్లను ఒకే హాల్లో కూర్చోబెట్టడం మన క్యాంపస్‌లలో అరుదు. ఈ పని చేసిన నిర్వాహకులకు ముందుగా ధన్యవాదాలు. నేను చెప్పదలచుకున్నదీ ఆ కలయిక గురించే. మన ఊళ్లలో ఏ కష్టమూ ఒక డిపార్ట్‌మెంట్ పేరు రాసుకుని రాదు. దాన్ని పట్టుకున్నవాళ్లు అక్కడ ఎంతకాలం నిలబడ్డారు, దొరికిన జవాబును ఎవరి చేతిలో పెట్టారు అన్నదాన్ని బట్టే పరిశోధన విలువ తేలుతుందని నా నమ్మకం. మన తెలుగు నేల మీద జరిగిన పనులే తీసుకుని ఈ మాట చెబుతాను.

ముందు ఫ్లోరైడ్ సంగతి. నెల్లూరు జిల్లా రైతులు మొదట గమనించింది ఎద్దులను. దుక్కి దున్నే ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోయేవి. కొన్నేళ్లకు అదే బిగువు మనుషుల్లోనూ కనిపించింది. 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు దీన్ని తాగేనీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బుగా గుర్తించి రాశారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బుకు, అంటే ఫ్లోరోసిస్‌కు, సంబంధించి తొలి శాస్త్రీయ నివేదిక అదే. తర్వాత 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే అప్పటికే ఆ జిల్లా పేరు ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కింది.

అదే 1955లో, డిసెంబరు 10న, నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లు పారిన చోట పంట మారింది, భూమి విలువ మారింది, కూలి పని దొరికే రోజులు మారాయి. ప్రాంతీయ ఆర్థికశాస్త్రం చదివేవాళ్లకు ఇంతకన్నా పెద్ద పాఠం మన దగ్గర లేదు. కానీ 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ఇంకో సంగతి బయటపెట్టారు. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో కుర్రాళ్లకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. జెను వాల్గమ్ అంటారు దాన్ని. పాత ఫ్లోరోసిస్ కేసుల్లో ఈ రూపం కనిపించలేదు.

ఆ సంస్థవాళ్లు అక్కడితో ఆగలేదు. జబ్బు ఉన్న ఊళ్లలో, లేని ఊళ్లలో పండిన వరి, జొన్న, సజ్జ గింజలు తెచ్చి వాటిలో రాగి, మాలిబ్డినం, జింకు ఎంతెంత ఉన్నాయో పరీక్షించారు. రిజర్వాయరు వచ్చాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి లేచింది, నేల తీరు మారింది, గింజలో మాలిబ్డినం పెరిగింది, దానివల్ల ఒంట్లో రాగి తగ్గి ఎముక దెబ్బతింటోంది అన్నది వాళ్ల ప్రతిపాదన. పూర్తిగా రుజువైన సిద్ధాంతం అని నేను చెప్పను. కానీ ఆ ఆలోచన నడిచిన దారి చూడండి. ఆనకట్ట ఇంజనీర్లది, నేల వ్యవసాయ శాస్త్రజ్ఞులది, గింజ పోషకాహార నిపుణులది. వంగిన కాళ్లు మాత్రం జొన్న గటక తిని పెరిగిన పిల్లవాడివి. వాడు బడికి ఎలా నడిచి వెళ్లాడు, ఎన్నో తరగతిలో మానేశాడు, పెద్దయ్యాక ఏ కూలికి పనికొచ్చాడు అన్న ప్రశ్నలు ఎడ్యుకేషన్, ఎకనామిక్స్ వాళ్లవి. ఎముకల మీద వచ్చినన్ని పేపర్లు ఆ ప్రశ్నల మీద రాలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే.

ఇక ఇంజనీర్లు ఏం చేశారు? 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతి ఒకటి తయారుచేసింది. నల్లగొండ టెక్నిక్ అనే పేరుతో దేశాలు తిరిగిన పద్ధతి అది. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. ముందు జోరుగా, తర్వాత మెల్లగా తిప్పుతారు. తెల్లటి ముద్దలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని, నెమ్మదిగా అడుగుకు దిగుతాయి. పైన తేరుకున్న నీళ్లు పట్టుకోవాలి. ఇంట్లో బకెట్‌తో చేయొచ్చు, ఊరికి ట్యాంకు కట్టీ చేయొచ్చు. సున్నం, పటిక ఎక్కడైనా దొరికేవే. ఖరీదైన యంత్రం అక్కర్లేని ఇలాంటి పని చేసిన ఇంజనీర్లంటే నాకు చాలా గౌరవం.

చిక్కు ఆ బకెట్ చుట్టూ ఉంది. ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక బోరు లెక్క పక్క బోరుకు పనికిరాదు. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే రుచి చెడి జనం ఆ నీళ్లు ముట్టరు. అడుగున మిగిలిన బురదలో ఉన్నది ఫ్లోరైడే, దాన్ని ఎక్కడ పారబోయాలి? రోజూ ఈ పని చూసుకునే మనిషి జీతం పంచాయతీ ఏ పద్దు నుంచి ఇవ్వాలి? ఆ మనిషికి, ఇంట్లో బిందె పట్టే ఆడవాళ్లకు కొలతలు ఎవరు నేర్పాలి? ఇందులో సగం ఎకనామిక్స్, సగం ఎడ్యుకేషన్. టెక్నిక్‌కు దక్కిన శ్రద్ధలో కొంతైనా వీటికి దక్కి ఉంటే కథ వేరుగా ఉండేది. చివరికి తెలంగాణలో ఫ్లోరైడ్‌ను తీయడం కన్నా ఫ్లోరైడ్ లేని నీటిని తేవడమే దారి అయింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీళ్లను పైపుల్లో ఊళ్లకు చేర్చింది. 1937 నుంచి 2016 దాకా 79 ఏళ్లు. ఈలోగా బిగిసిన వెన్నెముకలు ఏ నీళ్లతోనూ సాగవు.

ఇప్పుడు బడుల విషయానికి వస్తాను. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ప్రపంచంలో విద్య మీద చర్చ జరిగే ప్రతిచోటా ఉదహరించే ప్రయోగం ఒకటి మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో జరిగింది. మన బీఈడీ విద్యార్థుల్లో చాలామందికి దాని పేరు కూడా తెలియదు.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఈ పని మొదలుపెట్టాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపారు. 5 జిల్లాల్లో 500 బడులను లాటరీ పద్ధతిలో ఐదు గుంపులు చేశారు. రెండు గుంపుల్లో పిల్లల చదువు మెరుగుపడితే టీచర్లకు బోనస్. ఒకదాంట్లో ఎవరికివారికి, ఇంకోదాంట్లో బడి మొత్తానికి. మూడో గుంపుకు అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్, నాలుగో దానికి డబ్బు రూపంలో గ్రాంటు. ఐదో గుంపులో ఏ మార్పూ లేదు, పోల్చి చూడటానికి.

రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం దగ్గరే ఉంది. టీచర్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజున మాత్రం ఎక్కువ చెప్పారు, అదనపు క్లాసులు తీసుకున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా పిల్లలు మెరుగయ్యారు. ఇంత చేసినా అది రాష్ట్ర విధానంగా మారలేదు. బోనస్ మీద ఉపాధ్యాయ సంఘాలకు అభ్యంతరాలు ఉండటం సహజమే, వాటినీ పరిశోధన కింద వినాలి. నాకు ఇంకా విలువైనదిగా అనిపించేది గ్రాంటు ఇచ్చిన బడుల ఫలితం.

మొదటి ఏడాది గ్రాంటు ఊహించని సమయంలో వచ్చింది. ఆ డబ్బుతో పిల్లలకు పుస్తకాలు, రాసుకునే సామాను కొన్నారు. మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే గ్రాంటు, అవే కొనుగోళ్లు. మార్కులు పెరగలేదు. బడి రికార్డులు ఎంత తిరగేసినా కారణం దొరకదు, ఎందుకంటే కారణం ఇంట్లో ఉంది. పుస్తకాలు ఈసారి బడే ఇస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలుసు. తాము పెట్టే ఖర్చు తగ్గించుకుని ఆ డబ్బు ఇంకో అవసరానికి వాడుకున్నారు. ఇంట్లో నలుగురిని పోషించాల్సిన ఏ తల్లి అయినా చేసే పనే అది. పరిశోధకులు ఇళ్లకు వెళ్లి చదువు ఖర్చు అడిగారు కాబట్టి ఇది తెలిసింది. అడగకపోతే, గ్రాంటు డబ్బు టీచర్లు దుర్వినియోగం చేశారని ఎవరో ఒకరు రాసేసి ఉండేవారు.

ఇదే బృందం 180 ఊళ్లలో మరో ప్రయోగం చేసింది. లాటరీలో పేరు వచ్చిన ప్రభుత్వ బడి పిల్లల్ని ప్రైవేటు బడిలో చేర్పించి, ఫీజు తామే కట్టారు. నాలుగేళ్లు చూశారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం మెరుగు. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇస్తూ, ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వ బడితో పోలిస్తే మూడో వంతు కన్నా తక్కువ ఖర్చుతో నడుస్తున్నాయని కూడా తేలింది. ప్రైవేటు గొప్పదా, సర్కారు గొప్పదా అని టీ కొట్టు దగ్గర వాదించుకునే ఇద్దరికీ ఇందులో ఆలోచించాల్సింది ఉంది. అప్పు చేసి పిల్లల్ని ప్రైవేటుకు పంపుతున్న కుటుంబాలకు ఈ సంగతి వాళ్ల భాషలో ఎవరు చెప్పారు?

ఎకనామిక్స్ స్కాలర్లకు ఒక్క ఊరి పేరు చెబుతాను, రాసుకోండి. ఔరేపల్లి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా. 1975లో మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆ ఊళ్లోను, డోకూర్‌లోను, మహారాష్ట్రలోని మరో నాలుగు ఊళ్లలోను అధ్యయనం మొదలుపెట్టింది. ఊరికి 40 కుటుంబాలు: కూలీలు 10, చిన్న రైతులు 10, మధ్యతరహా రైతులు 10, పెద్ద రైతులు 10. స్థానిక భాష తెలిసిన పరిశోధకుడు ఊళ్లోనే కాపురం ఉండి, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి ఏం కొన్నారు, ఏం అమ్మారు, ఎన్నాళ్లు కూలికి వెళ్లారు, ఎవరి దగ్గర బదులు తెచ్చారు అని అడిగేవాడు. ఔరేపల్లిలో ఇలా పదేళ్లు.

ఆ ఊళ్లలో మూడింటి లెక్కలతోనే ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో రాసిన పేపర్‌ను ప్రపంచమంతా అర్థశాస్త్ర విద్యార్థులు చదువుతున్నారు. ఒక్కో ఇంటి ఆదాయం ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా, ఆ ఇంటి తిండి ఖర్చు ఊరి సగటుతో పాటే నడుస్తోందని, అంటే చేబదులు, అప్పు, నిలవ గింజలు ఏదో రూపంలో కాపాడుతున్నాయని, ఒక ఊళ్లో మాత్రం భూమి లేనివాళ్లకు ఆ రక్షణ తక్కువని ఆయన చూపించారు. మరో ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ నిజమైన డబ్బు పందెం పెట్టి బొమ్మ బొరుసు ఆడించి, రిస్కు అంటే భయం పేదలకూ ఉన్నవాళ్లకూ ఇంచుమించు ఒకటేనని తేల్చారు. పేద రైతు కొత్త విత్తనం వేయకపోతే అది పిరికితనమో తెలియనితనమో కాదు. చేతిలో డబ్బు లేక, అప్పు పుట్టక వేయలేదు. ఈ ఒక్క ఫలితాన్ని మన వ్యవసాయ విస్తరణ అధికారులందరికీ చెప్పాలని నాకు ఉంటుంది.

ఈ మూడు పనుల్లో పెద్దభాగం మన విశ్వవిద్యాలయాల బయట జరిగింది. జాతీయ సంస్థలు చేశాయి, అంతర్జాతీయ సంస్థలు చేశాయి, విదేశీ యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లు చేశారు. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, కృతజ్ఞతే ఉంది. కానీ భాష మనది, బంధుత్వాలు మనవి, పండక్కి ఊరెళ్లేది మనం. మరి మన థీసిస్‌లు ఏమవుతున్నాయి? వైవా అవుతుంది, మిఠాయిలు పంచుతారు, పీడీఎఫ్ శోధ్‌గంగలోకి, అంటే థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలోకి వెళ్తుంది. ప్రశ్నపత్రం నింపి ఇచ్చిన రెండు వందల కుటుంబాలకు ఏం తేలిందో ఎప్పటికీ తెలియదు. స్కోపస్ జాబితాలోని జర్నల్‌లో పేపర్ వేయాలన్న టెన్షన్, ఆగిపోయే ఫెలోషిప్‌లు, ఖాళీగా ఉన్న ప్రొఫెసర్ పోస్టులు నాకు తెలియనివి కావు. ఇవన్నీ తీరేదాకా ఆగాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఒక ప్రశ్న మీ ముందు పెడతాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల మధ్య కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి. నీటిలో సిలికా, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు, ఇలా ఎన్నిటినో అనుమానించారు. ఇదీ కారణం అని సైన్సు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి నీటి పథకం ప్రారంభమయ్యాయి. కారణం వెతకడం డాక్టర్ల పని. మిగతాది మీ పని. చివరి ఇంటి కుళాయికి నీళ్లు ఏడాదిలో ఎన్ని రోజులు, ఏ నాణ్యతతో వస్తున్నాయి? ఇంటిపెద్ద డయాలసిస్‌కు వెళ్లే రోజు ఆ ఇల్లు ఎంత కూలి పోగొట్టుకుంటుంది, ఏ తోట ఎంతకు అమ్ముకుంటుంది? ఆసుపత్రికి తోడు వెళ్లే కొడుకు టెన్త్ పరీక్ష రాశాడా? మూడు విభాగాల నుంచి ముగ్గురు స్కాలర్లు, ఒకే ఊరి జాబితాతో, అవే కుటుంబాలతో ఐదేళ్లు పనిచేస్తే మూడు థీసిస్‌లు వస్తాయి, ఉద్దానానికి ఒక జవాబూ వస్తుంది.

డీన్ గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి రెండు విన్నపాలు. ఇలాంటి పనికి వేరే విభాగం నుంచి కో-గైడ్‌ను పెట్టుకోవడం సులభం చేయండి. ఇప్పుడు దానికి తిరిగే సంతకాల్లోనే ఒక సెమిస్టర్ పోతోంది. రెండోది, థీసిస్ సమర్పించేటప్పుడు పది పేజీల తెలుగు నివేదిక తప్పనిసరి చేయండి. సర్వే చేసిన పంచాయతీలో దాన్ని చదివి వినిపించాలి, అక్కడివాళ్లు అడిగిన ప్రశ్నలు రాసుకొచ్చి వైవాలో జవాబు చెప్పాలి. పదో తరగతి చదివిన మనిషికి అర్థమయ్యేలా రాయాలి, పట్టికలు రెండుకు మించకూడదు.

మీలో ఉద్దానం నుంచి, ఫ్లోరైడ్ చూసిన మర్రిగూడ, పొదిలి, మాడ్గుల వైపు నుంచి వచ్చినవాళ్లు ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. సినాప్సిస్ ఇంకా ఇవ్వనివాళ్లు ముందు రండి. ఇచ్చినవాళ్లకైనా ఊరి జాబితా మార్చుకునే వీలు ఉంటుంది. సాయంత్రం దాకా సెమినార్ హాల్లోనే ఉంటాను.