చచ్చినవాడి కళ్లు చారెడేనా?

యాంకర్: 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ చనిపోయాడు. ఏళ్ల తరబడి 'వాకో జాకో' (పిచ్చి జాక్సన్) అని వెక్కిరించిన టాబ్లాయిడ్లే ఆ వారం హారతులు పట్టాయి. ఇదేం తీరు మేడమ్?

విమర్శకురాలు: చచ్చినవాడి కళ్లు చారెడు అంటాం కదా, అదే. ఒంటి రంగు సంగతే చూడండి. తనకు చర్మవ్యాధి ఉందని 1993లో టీవీలో తనే చెప్పాడు. నమ్మినవాళ్లు తక్కువ. బొల్లి నిజమేనని పోస్ట్‌మార్టం రిపోర్టులో తేలింది. తెల్లబడాలని మందులు పూసుకున్నాడంటూ జోకులు రాసినవాళ్లు ఆ రాతలు దిద్దుకోవాలిగా? నివాళి రాసేసి చేతులు దులుపుకున్నారు.

సంగీతకారుడు: నా కోపం ఇంకో చోట. వెక్కిరింతలోనూ పాట లేదు, నివాళిలోనూ లేదు. ముక్కు, పెంపుడు చింపాంజీ, అప్పులు, అమ్మకాల లెక్కలు! 'బిల్లీ జీన్' మొదలయ్యాక దాదాపు అర నిమిషం దాకా పాట అందుకోడు. డ్రమ్స్, బేస్, అంతే. అది తగ్గిద్దామని నిర్మాత క్విన్సీ జోన్స్ అంటే, నాకు డాన్స్ చేయాలనిపించేది అక్కడే అని జాక్సన్ పట్టుబట్టాడు. పైగా వాయిద్యాలు పెద్దగా రావు. దరువు, బేస్ వరస అన్నీ నోటితో పాడి టేపు చేసి వాయించేవాళ్లకు వినిపించేవాడు. దీని గురించి ఒక్క పేరా రాయరేం?

యాంకర్: పాటే ముఖ్యమంటే, పిల్లలపై లైంగిక దాడి చేశాడన్న ఆరోపణలు పక్కన పెట్టేసినట్టు కాదా సార్?

విమర్శకురాలు: నేనూ అదే అంటున్నా. 2005లో జ్యూరీ అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అంది. 2019లో 'లీవింగ్ నెవర్‌ల్యాండ్' డాక్యుమెంటరీలో ఇద్దరు మగవాళ్లు, చిన్నప్పుడు తమపై లైంగిక దాడి చేశాడని చెప్పారు. ఆయన ఆస్తి వ్యవహారాలు చూసే ఎస్టేట్ ఖండించింది. రెండూ రాయాల్సిందే. నేను జడ్జిని కాను. కానీ అది చూశాక, పిల్లల గురించి ఆయన పాడిన పాటలు నాకు మునుపటిలా వినపడటం లేదు.

సంగీతకారుడు: నాకు వినపడుతున్నాయి మరి.

విమర్శకురాలు: అయితే అదే రాయండి, ఎందుకో కూడా చెప్పి. మనిషి వేరు, కళ వేరు అని ఒక్క ముక్కతో దాటేయకండి.

సంగీతకారుడు: సరే, ఒప్పుకున్నా. కానీ చెవి పెట్టి వినడం విమర్శకుల కంటే అభిమానులకే బాగా వచ్చు. 2010లో, ఆయన పోయాక వచ్చిన 'మైకేల్' ఆల్బమ్‌లో మూడు పాటల్లో గొంతు ఆయనది కాదని మొత్తుకున్నారు. స్వరం వణికే తీరే వేరన్నారు. రికార్డు కంపెనీ ఆయన గొంతే అంది, కేసు నడిచింది. చివరికి 2022లో ఆ మూడూ స్ట్రీమింగ్ నుంచి తీసేశారు. గొంతు ఎవరిదో మాత్రం తేల్చలేదు.

యాంకర్: టైమ్ అయిపోయింది...

సంగీతకారుడు: ఆ అర నిమిషం ఒక్కసారి వేయించండి, ఎవరం మాట్లాడకుండా విందాం.

యాంకర్: కాపీరైట్ గొడవ సార్! నోటితో కానిచ్చేయండి.

సంగీతకారుడు: (బల్ల మీద దరువు వేస్తూ) సరే, మేడమ్ బేస్ అందుకోవాలి మరి.