సముద్రం అవతల నుంచి ఊరి రాజకీయం

అందరికీ నమస్కారం. సంక్రాంతికి డల్లాస్ నుంచీ, మెల్‌బోర్న్ నుంచీ, దుబాయ్ నుంచీ గుంటూరు వచ్చిన పిల్లలు ఇంతమంది కనిపిస్తుంటే కడుపు నిండినట్టుంది.

"అక్కడెక్కడో ఉంటూ ఇక్కడి రాజకీయాలు మీకెందుకర్రా" అని మిమ్మల్ని అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. నేను అడగను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివొచ్చి, 1921లో మున్సిపాలిటీ పన్నులకు ఎదురుతిరిగిన చీరాల-పేరాల జనాన్ని ఊరు దాటించి, రామనగర్ అని కొత్తగా వేసుకున్న గుడిసెల ఊళ్లో నిలబెట్టారు. కనిగిరి ప్రాంతం నుంచి అమెరికా వెళ్లిన దరిశి చెంచయ్య గారు చదువుకుంటూనే, బ్రిటిషు పాలన మీద తిరుగుబాటుకు అక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరి, తర్వాత జైలుపాలయ్యారు. ఆ ఇద్దరూ తాము అన్న మాటకు వచ్చిన కష్టాన్ని తామే పడ్డారు. నేను చెప్పదలచుకున్నది అదే.

2024 మే 13 పోలింగ్ నాడూ మర్నాడూ పల్నాడులో గొడవలు ముదిరి 144 సెక్షన్ పెట్టారు. అప్పుడు విదేశాల నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లోకి "వదలొద్దు" అని మెసేజ్‌లు వచ్చాయి. రాసినవాళ్ల ఇంటి మీద ఒక్క రాయీ పడలేదు. దెబ్బలు తిన్నవాళ్లు మాత్రం మళ్లీ అదే బోరింగు దగ్గర, అదే రేషన్ షాపు దగ్గర ఒకరికొకరు ఎదురుపడి బతకాలి. బాబూ, ఫోన్‌లో వేలు పెట్టేముందు వాళ్లను తలుచుకోండి.

ఇక ఓటు సంగతి. ఆ ఎన్నికల్లో మన రాష్ట్రంలో నమోదైన ప్రవాస ఓటర్లు 7,927 మంది. ఓటేసింది 195 మంది. మరి విమానాలెక్కి వచ్చినవాళ్లంతా? నాకు తెలిసినవాళ్లలో చాలామంది బీరువాలో ఉన్న పాత కార్డుతోనే వేసి వెళ్లారు. అది సరికాదు. విదేశంలో స్థిరంగా ఉంటున్న భారత పౌరులు ఓటరుగా నమోదు కావడానికి 2011 నుంచి ఫారం 6ఏ ఉంది. పాస్‌పోర్టులోని ఇక్కడి చిరునామాను బట్టి నమోదు చేస్తారు. బీఎల్‌వో, అంటే బూత్ స్థాయి ఎన్నికల అధికారి, ఇంటికొచ్చి వివరాలు సరిచూస్తారు. జాబితా చివర మీ పేరు విడిగా అచ్చవుతుంది. పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టుతో మీరే రావాలి, పోస్టల్ బ్యాలెట్ లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు, పార్టీలకు చందా కూడా ఇవ్వకూడదు.

అయితే ఓటు ఐదేళ్లకోసారి. మిగతా రోజుల్లో మీరు చేయగలిగింది ఇంకా ఎక్కువ. ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో ఏ పంచాయతీ ఏ పనికి ఎంత ఖర్చు రాసిందో డల్లాస్‌లో కూర్చునీ చూడొచ్చు. మొన్న మా ఊరిది తీసి చూశాను. సైడు కాలవల పూడిక తీయించినట్టు బిల్లు ఉంది. మా వీధి చివర కాలవలో ప్లాస్టిక్ కవర్లూ, కొబ్బరి బొండాలూ, నల్లటి బురదా కదలకుండా ఉన్నాయి. బిల్లు ఏ వీధిదో అడిగితే తేలుతుంది, అడిగేవాళ్లే లేరు. ఇంట్లో మిగిలింది ముసలివాళ్లం. మాలో చాలామందికి ఆ వెబ్‌సైటు తెరవడం రాదు, మీకు గ్రామసభకు రావడం కుదరదు. ఆ పేజీ మీ నాన్నకో, పిన్నికో పంపండి. సభలో వాళ్లు చదివి అడుగుతారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అలాంటి రోజున ఊరికి ఇద్దరు కాగితం పట్టుకుని లేచినా లెక్క చెప్పక తప్పదు. సర్పంచి మన పార్టీవాడైతే మరీ ముందు అడగాలి.

పాస్‌పోర్టు జిరాక్సులు తెచ్చుకున్నవాళ్లు కూర్చోండి. మా కాలేజీ పిల్లలు వెనక బల్ల దగ్గర ఫారం 6ఏ ఆన్‌లైన్‌లో నింపి పెడతారు.