పలక వంకర తిరిగితే తప్పు రంపానిదేనా?

నమస్తే అండి. వెనకాల మోత వినిపిస్తోంది కదా, గుంటూరులో ఒక సామిల్లు ముందు నిలబడ్డాను. లోపల వేప దుంగ కోస్తున్నారు. ఈ వీడియో చేయాలని చాలా రోజుల నుంచి ఉంది, ఎందుకంటే ఒకే మాట వినీ వినీ విసుగొచ్చేసింది. "పచ్చి దుంగ ఇచ్చి మోటుగా కనిపించే రస్టిక్ టేబుల్ కోసం పలకలు కోయించానండీ, నెల తిరక్కుండా వంకర తిరిగాయి, మిల్లువాళ్ళు సరిగ్గా కోయలేదు." ఆ మాట అని కోత కూలి సగం ఎగ్గొట్టిన వాళ్ళను కళ్ళారా చూశాను. కోసినాయన మొహం చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఆయన తప్పు అందులో ఏమీ లేదు.

(చేతిలో ఉల్లిపాయ, కత్తి)

దుంగ అంటే ఈ ఉల్లిపాయే అనుకోండి. పొర మీద పొర, మధ్యలో గుండె. ఇప్పుడు కాడ నుంచి వేరు దాకా నిలువుగా ముక్కలు కోస్తున్నాను. మొదటి ముక్క, అంటే పక్క నుంచి వచ్చింది, దీని మీద పొరలు ఒకదానిలో ఒకటి ఒదిగిన గోపురాల్లా కనిపిస్తున్నాయి. టేకు తలుపు మీద మనం ముచ్చటపడే గోపురాలు ఇవే. అదే నడిమి ముక్క చూడండి, పొరలన్నీ దాదాపు నిలువు గీతలు. ఉల్లిపాయ ఒక్కటే, కత్తీ ఒక్కటే, ముక్కల గుణాలు మాత్రం వేరు.

ఎందుకు వేరంటే, చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. పొర చుట్టూ తిరిగే దిశలో తగ్గేది, గుండె నుంచి బెరడు వైపు తగ్గేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది. పొడవులో అయితే తగ్గినట్టే తెలియదు. అందుకే పక్క ముక్క ఆరేకొద్దీ దాని అంచులు బెరడు వైపుకి లేస్తాయి, పళ్ళెంలా. (మూడు రోజుల క్రితం కోసి పెట్టిన ముక్క ఇదిగో, చూడండి ఎలా ముడుచుకుందో.) నడిమి ముక్క అంతగా వంగదు, కానీ గుండె దాంట్లోనే ఉంటే అక్కడే నిలువునా చీలుతుంది. ఇంకో సంగతి, పచ్చి చెక్కలో తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా ఈ వంపు మొదలే కాదు. కోసిన రోజు తిన్నగా ఉండి తర్వాత వంగడానికి కారణం ఇదే. ఇందులో రంపానికేం సంబంధం?

అలాగని రంపానిది ఎప్పుడూ తప్పు ఉండదని కాదు. దాని బాధ్యత ఏంటో చూద్దాం.

ఇక్కడున్నది సర్క్యులర్ రంపం, నాలుగడుగుల చక్రం. ఇలాంటివి నిమిషానికి 750 చుట్లు తిరిగితే అంచున ఒక్కో పన్ను నిమిషంలో తొమ్మిది వేల అడుగులకు పైనే పరిగెడుతుంది. ఆ వేగానికీ వేడికీ అంచు సాగుతుంది కాబట్టి, చక్రం మధ్య భాగాన్ని ముందే సుత్తితో కొట్టి కొంచెం వదులు చేసి ఉంచుతారు, తిరిగేటప్పుడు బిగుసుకుని నిటారుగా నిలబడుతుందని. ఆ సుత్తి దెబ్బ తెలిసిన మనిషి మిల్లుకి ప్రాణం అండి, అలాంటి వాళ్ళకి మనం ఇచ్చే గౌరవం చాలా తక్కువ. పళ్ళు మొద్దుబారినా, అంచు వేడెక్కినా చక్రం ఊగుతుంది, పలక అలలు అలలుగా వస్తుంది, ఒక చోట రెండంగుళాలు, ఇంకో చోట ఒకటిన్నర. అది మిల్లు తప్పు. అడగండి, గట్టిగానే అడగండి.

మరి పలక మీద ఈ విల్లులాంటి గీతలు? అవి లోపం కాదు. చక్రం తిరుగుతూ కోస్తుంది కాబట్టి ప్రతి పన్నూ ఒక వంపు గీత వదులుతుంది. బ్యాండ్ సా, అంటే పట్టీలా ఉండే రంపం అయితే అడ్డంగా తిన్నటి గీతలు పడతాయి. ఒకరు పైన, ఒకరు గోతిలో నిలబడి లాగిన పాతకాలం కోతలో గీతలు ఏటవాలుగా, ఎడం ఎడంగా ఉండేవి. రస్టిక్ పలక కావాలని అడిగి, ఈ గీతలన్నీ చిత్రిక పట్టించేస్తుంటే నాకైతే మనసు ఒప్పదు.

ఇక రంపపు పొట్టు. ఈ చక్రం ఒక్కో కోతకి పావు అంగుళం చెక్కని పొట్టు చేస్తుంది. అంగుళం పలకలు కోయిస్తే అయిదో వంతు పొట్టులోకి పోతుంది, రెండంగుళాలవి అయితే తొమ్మిదో వంతే. మళ్ళీ ఉల్లిపాయ దగ్గరికి రండి, మందం కత్తితో సన్నటి ముక్కలు కోస్తే ఎంత నలిగిపోతుందో తెలుసు కదా. కాబట్టి మందం పలకలకి ఈ రంపం, సన్న పలకలకి బ్యాండ్ సా. చక్రం మధ్యలో ఇరుసు అడ్డం కాబట్టి నాలుగడుగుల చక్రం రెండడుగుల లోతు కూడా కోయలేదు, మరీ లావు మానుకి కూడా బ్యాండ్ సా దగ్గరికే వెళ్ళాలి.

ఒక్క మాట, చక్రం వెనక నిలబెట్టిన ఆ పలచటి ఇనప రేకు చూశారా? కోసిన సందు మూసుకుని రంపాన్ని పట్టేస్తే దుంగ వెనక్కి ఎగిరొస్తుంది, దాన్ని ఆపేది అదే. ఆ రేకు లేని మిల్లుకి నేను దుంగ ఇవ్వను.

టైమ్ అయిపోతోంది, ఆరబెట్టడం గబగబా చెప్పేస్తాను. కోసిన రోజే రెండు కొనలకీ రంగు గానీ మైనం గానీ పూయండి, తేమ ఎక్కువ వేగంగా పోయేది అక్కడి నుంచే. నీడలో, గాలి ఆడే చోట, పలకల మధ్య రెండడుగులకో బద్ద వేసి పేర్చండి, పైన బరువు పెట్టండి. మే నెల ఎండలో డాబా మీద, కల్లంలో మిర్చి ఆరబోసినట్టు ఆరబోయొద్దు, దయచేసి. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళు చిన్న తెల్లపొణికి ముక్కనే సన్నటి సెగ మీద నిదానంగా ఆరనిచ్చాక చెక్కుతారు, మనది రెండంగుళాల పలక, నెలలు పడుతుంది.

అన్నిటికంటే ముందు, పలక బండి ఎక్కించే లోపే దారం లాగి పట్టి వంపు చూడండి, నాలుగు చోట్ల మందం కొలవండి, ఫోటో తీసుకోండి. ఆ రోజే మందంలో తేడా ఉంటే మిల్లుది. తర్వాత వంగితే చెక్కది, లేదా మనం ఆరబెట్టిన తీరుది.

అదిగో, లోపల ఇంకో దుంగ ట్రాలీ మీదికి ఎక్కిస్తున్నారు. దారం తెచ్చాను, రండి, మొదటి పలక కొలిచి చూద్దాం.